పలక మీద యాభై రెండు

కార్తీక మాసపు ముసురు, మూడోరోజు.
చీమకుర్తి క్వారీల్లో నీళ్లు నిలిచి మిషన్లు ఆగినాయి.
రాయి కోసే చప్పుడు లేకపోతే
మా కాలనీలో దగ్గులు బాగా వినపడతాయి.
ఏ ఇంట్లో ఏ దగ్గో నాకు తెలుసు,
ఆశా పని పన్నెండేళ్లుగా చేస్తన్నా.
పెద్దాళ్ల దగ్గులో పొడి ఉంటది.
ఇది అది కాదు. ఇది తడిగా, చిన్నగా,
గిన్నె అడుగు గీకినట్టు.

నాసరమ్మ కొడుకు. పద్నాలుగు నెలలు.
నేను పోయేసరికి పొయ్యిలో సూది కాలతా ఉంది.
"డొక్కలెగరేస్తన్నాడమ్మే, నాలుగు వాతలు పడితే
దిగిపోద్ది" అంది నాయనమ్మ ఓబులమ్మ.
నేను వాదులాడలా.
వాదులాడితే పిల్లోడు ఏడుస్తాడు,
ఏడ్చే బిడ్డ ఊపిరి లెక్కకు రాదు.

తల్లి పాలిస్తే రెండు గుక్కలు తాగి వదిలేశాడు.
ఒళ్లో సద్దుమణిగినాక చొక్కా పైకెత్తా.
ఫోన్లో ఒక్క నిమిషం పెట్టా.
"ఓబులమ్మత్తా, నువ్వు లెక్కబెట్టు."

"నాకేం లెక్కలొచ్చు?" అంది గానీ
ముప్పై ఏళ్లు మేస్త్రీకి ట్రిప్పులు ఒప్పజెప్పిన మనిషి,
ట్రిప్పుకో కంకర్రాయి కొంగులో వేసుకుని
ఒక్క రూపాయి పోనియ్యని మనిషి.
వాకిట్లో కంకర ఒళ్లో నింపుకొచ్చి కూర్చుంది.
పొట్ట లేచినప్పుడల్లా ఒకటి, నేల మీద.
టక్.
టక్. టక్.
నిమిషం అంత పొడుగుంటదని
మా ఇంటి గడియారం ఎప్పుడూ చెప్పలా.

ఫోను మోగింది.
నాలుగు పదుల రాళ్లు పక్కకు నెట్టా.
"ఏడాది నిండిన బిడ్డకు ఇంతలోపే ఉండాలత్తా."
మిగిలినవి చూసింది. పన్నెండు.
చేత్తో అన్నీ కలిపేసింది, మళ్లీ విడదీసింది.
పన్నెండే.

ఆపైన ఇంకోటి చూపించా:
గాలి లోపలికి పోయినప్పుడల్లా
పక్కటెముకల కింద గుంట పడతా ఉంది.
"లోపల చిన్న చిన్న గాలి తిత్తులుంటాయి,
వాటిల్లో చీమూ నీరూ చేరింది.
నీళ్లు నిండిన గుంటలో మనోళ్లకు పనెట్టా సాగుద్ది?
గట్టు మీద మంటబెడితే ఆ నీళ్లు తోడినట్టా?"

ఓబులమ్మ పలకలా.
గుమ్మంలో నిలబడ్డ ఆమె కొడుక్కి
బొడ్డు చుట్టూ నాలుగు పాత మచ్చలున్నాయి.
వాడి వెనక పుట్టినదానికీ ఉండేవి.
"దానికి ఎవరూ లెక్కబెట్టలా" అంది,
సూది తీసి నీళ్ల బకెట్లో వేసింది. చుయ్‌మంది.

వేలికి క్లిప్పు పెడితే ఎనభై తొమ్మిది.
బిళ్ల ఒకటి చెంచా నీళ్లలో కరిగించి పోసి
నూట ఎనిమిదికి ఫోను చేశా.
కాగితం దొరక్క, నాసరమ్మ పెద్దపిల్ల
మార్కాపురం పలక లాక్కుని రాశా:
"నిమిషానికి యాభై రెండు. తొమ్మిదిన్నరకి."
ఆ పలక పట్టుకునే ఒంగోలు దాకా పోయింది తల్లి,
వానకు చెరగకుండా పైట కింద.

అయిదురోజులు ఆక్సిజన్ గొట్టం.
ఇంటికొచ్చాక జొరం లేదు, నవ్వుతున్నాడు,
"ఇంకా మందెందుకక్కా?" అంది నాసరమ్మ.
నవ్వు చూసి ఆపగూడదమ్మా,
లోపలున్నది నవ్వుతో పోదు.
అదే పలక మీద పొద్దున ఒక గీత, రాత్రికొక గీత,
డాక్టరు చెప్పిన ఆఖరి గీత దాకా.
పెద్దపిల్ల అఆలు వారం రోజులు ఆగినాయి.

మొన్న ఓబులమ్మే వచ్చింది మా ఇంటికి.
"రెండు నెలలు కూడా నిండని గుడ్డుకి ఎంత?"
"అరవై."
"ఏడాది లోపోళ్లకి?"
"యాభై."
పాత చీర చింపి మూడు మూటలు కట్టింది,
పెద్దది, నడిమిది, చిన్నది,
రాళ్లు లెక్కబెట్టి పోసి. మూరెడు చూరుకి వేలాడతన్నాయి.
ఎవరి బిడ్డ ఒగరుస్తున్నా ఇప్పుడు
ముందు ఆ మూటకే వస్తన్నారు, తర్వాతే నా దగ్గరికి.

ఎండ కాసింది. మిషన్లు మళ్లీ మొదలైనాయి.
ఈ రొదలో ఏ దగ్గూ వినపడదు.
చొక్కా ఎత్తి చూడాల్సిందే.